పదును తప్పిన గుంటక

నేను ఒక గుంటకను. పుట్టిన రోజున నా దగ్గర ఉన్న సరుకు ఇది: కూల్చేసిన చిన్న వంతెన నుంచి తెచ్చిన రెండు ఇనుప దూలాలు, రోడ్డు చదును చేసే యంత్రానికి అరిగిపోయాక ఊడదీసిన ఎనిమిది కత్తులు, వెనక ఒక ఉక్కు పలక, ముందు ఒక కొక్కెం, కత్తుల్ని పైకీ కిందికీ తిప్పే మర ఒకటి. మొత్తం పదకొండు వందల కిలోల బరువు. అందులో కొత్తది ఒక్క ముక్కా లేదు. ఇంకొకరు వద్దనుకున్న వస్తువులతోనే నా బతుకు మొదలైంది. అందుకని మొదట్లోనే నాకు భ్రమలు తక్కువ.

పుట్టింది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు కొసన, హార్నెస్ లేక్ అనే ఊళ్లో. అక్కడివాళ్లు నన్ను డ్రాగ్ అనేవాళ్లు. ఆ పేరును పదిహేడేళ్లు మోశాను, దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. గుంటక అని పిలిచినవాడు కర్నూలు జిల్లా వాడు; అక్కడ ఎద్దులు కట్టి చేలో లాగే కత్తి పనిముట్టు పేరది. పేరిచ్చినవాడి భాషలో లెక్క చెప్పడం న్యాయమని నాకు తోచింది. అందుకే ఇది తెలుగులో చెబుతున్నాను.

నా పనేమిటో చెప్పాలి. ఆ దేశంలో మంచు మీద పరుగెత్తే బండ్లున్నాయి. స్నోమొబైల్ అంటారు. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, పైన హెల్మెట్ పెట్టుకొని అరుస్తూ ఒక మనిషి. వాళ్ల కోసం అడవిలో, గడ్డకట్టిన చెరువుల మీద, చేలకు అడ్డంగా ముప్పై మైళ్ల దారి ఉంది. వంద బండ్లు పోయేసరికి ఆ దారి మోకాలెత్తు గతుకులతో నిండిపోతుంది. నన్ను ట్రాక్టరు వెనక తగిలించి లాగితే నా కత్తులు గతుకుల తలలు కోస్తాయి, కోసిన మంచు దొర్లి పలక కింద అణుగుతుంది, చలికి బిగుసుకొని బల్లలా తయారవుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ వంద బండ్లు వచ్చి దాన్ని చెడగొడతాయి. చెడగొట్టడానికి వాళ్లు ఎంతో దూరం నుంచి వస్తారు. బాగుచేయడానికి మాత్రం పక్క వీధి నుంచి రమ్మన్నా రారు.

ఆ దారికి సర్కారు కాపలా లేదు, కంపెనీ అజమాయిషీ లేదు. ఊరి క్లబ్బువాళ్లు జీతం లేకుండా చూసుకోవాలి. క్లబ్బు గోడ మీద పంతొమ్మిది పేర్లున్నాయి. పని రోజున కనబడే ముఖాలు నాలుగు. మిగిలిన పదిహేను మందికీ ఆ రోజే నడుము పట్టేస్తుంది. వ్యాపారంలో దీన్ని కాగితం మీద సరుకు అంటారు. నమ్మి బండి కట్టుకొని పోతే గోదాము ఖాళీగా ఉంటుంది.

నన్ను అతికినవాడు గుస్తావ్ అనే ముసలి వెల్డరు. తొమ్మిది శీతాకాలాలు తనే నడిపాడు. నెమ్మది మనిషి, కత్తులకు నూనె రాసేవాడు. మోకాళ్లు అరిగిపోయి కూతురి దగ్గరికి వెచ్చని ఊరికి వెళ్లిపోయాడు. తరవాత డ్వేన్ చేతికి వచ్చాను. డ్వేన్ క్లబ్బు అధ్యక్షుడు. పెద్ద గొంతు, పెద్ద ట్రక్కు. ఏ పనికైనా గోడ మీద పట్టిక అంటించేవాడు. ఆరేళ్లలో రెండు కత్తులు రాళ్లకు కొట్టి విరగ్గొట్టాడు, ఒక దూలం వంచాడు. ప్రతిసారీ రాయిదే తప్పన్నాడు. ఆ తరవాత రెండేళ్లు షెడ్డు వెనక గడ్డిలో పడి ఉన్నాను. నా మీద కూర్చుని ఉడతలు గింజలు తినేవి. వాటికైనా నేను పనికొచ్చాను.

అప్పుడు మద్దిలేటి వచ్చాడు.

పత్తికొండ దగ్గర నల్లరేగడి సేద్యం చేసి, ఆదోనిలో పత్తి గింజల బేరం చేసి, చివరికి బావమరిది వదిలిపోయిన పెట్రోలు బంకును నెత్తికెత్తుకొని ఆ మంచులోకి దిగిన మనిషి. బంకు వెనక ఎనిమిది గదుల లాడ్జి, పక్కన చిన్న వంటిల్లు. వంటింట్లో భార్య సుంకులమ్మ బొరుగుల ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీ చేసేది. మంచు బండ్లవాళ్లు వాటిని తిని ముక్కులు ఎగబీలుస్తూ, కళ్లనీళ్లతో మళ్లీ ఇంకో ప్లేటు అడిగేవాళ్లు. ఆ ఊరికి ఎండాకాలంలో ఎవరూ రారు. చేపలు పట్టేవాళ్లు పక్క ఊరి పెద్ద చెరువుకు పోతారు. ఏడాది బతుకంతా శీతాకాలంలోనే రావాలి, అదీ ఆ దారి మీదనే రావాలి. దారి మూతపడితే బంకు మూతపడుతుంది, బంకు మూతపడితే ఆ ఇద్దరికీ నిలబడే చోటు లేదు. ఈ సంగతి మద్దిలేటికి వచ్చిన రెండేళ్లకు తెలిసింది. అందుకే గోడ మీద ఇరవయ్యో పేరు రాయించుకోకుండా నేరుగా షెడ్డు వెనకకు వచ్చి నా మీది గడ్డి పీకాడు. సేవ చేయాలని కాదు. నేను తుప్పు పడితే తనకు నష్టమని. అంత నిజాయితీ గల కారణంతో నా దగ్గరికి వచ్చినవాడు అతనొక్కడే.

విరిగిన కత్తులకు బదులు వేరేవి బిగించి, వంగిన దూలాన్ని వేడిచేసి సాగదీసి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఏదో గొణిగి నవ్వాడు.

"ఏమయ్యా, ఇనుముతో మాట్లాడతాండావా?" అంది సుంకులమ్మ.

"గుంటక మే ఇది. మా నాయన గుంటకే. కాకపోతే దీనికి ఎద్దుల్లేవు."

"గుంటకేంది ఈడ? దున్నేకి మన్ను యాడుంది? ఊరంతా ఫ్రిజ్జే."

"తెల్లరేగడి అనుకో."

మొదటి శీతాకాలం మంచిగానే గడిచింది. అతనికొక అలవాటు ఉండేది. నన్ను తగిలించే ముందు వంగి గుప్పెడు మంచు తీసి పిసికేవాడు. పొడిలా రాలిపోతే పని చేసేవాడు కాదు. నీళ్లు కారినా చేసేవాడు కాదు. ముద్దయి, వేలితో పొడిస్తే రెండుగా విచ్చుకుంటే అప్పుడు, "పదునొచ్చింది" అని ట్రాక్టరు ఎక్కేవాడు. రేగడి చేలో వాన వెలిశాక నేలను అలాగే చూస్తారట. ఆ లెక్కన లాగిన రోజున నా వెనక దారి మూడు రోజులు నిలిచేది. డ్వేన్ పట్టిక ప్రకారం లాగిన రోజున మూడు గంటలు నిలిచేది. ఇది డ్వేన్‌కు కనబడింది. కనబడినందుకే అతనికి మద్దిలేటి అంటే పడలేదు.

రెండో శీతాకాలం మమ్మల్నందరినీ పగబట్టింది. డిసెంబరంతా నేల నల్లగా పడి ఉంది. క్రిస్మస్‌కు మంచు బదులు వాన పడింది. ఆ వాన కొమ్మల మీదే గడ్డకట్టి బరువుకు చెట్లు దారి మీదికి విరిగిపడ్డాయి. నలుగురు మనుషులు రెండు మోటారు రంపాలతో పదకొండు రోజులు కోశారు. వాగు మీద మంచు నిలవలేదు. ఇదంతా జరుగుతుంటే క్లబ్బు ఫోను మోగుతూనే ఉండేది. నగరాల్లో ఉన్నవాళ్లు, ఏనాడూ ఒక కొమ్మ కూడా పక్కకు లాగనివాళ్లు, దారి ఎప్పుడు తెరుస్తారని బూతులు తిట్టేవాళ్లు. స్కూలు బస్సు నడిపే రోండా ఆ ఫోన్లు తీసేది. "సార్, మంచు మా దగ్గర తయారుకాదు, పైనుంచి రావాలి. పైవాళ్ల నంబరు నా దగ్గర లేదు," అని పెట్టేసేది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఐలీ కోర్పెలా చేను. ఐలీకి డెబ్బై రెండేళ్లు. ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ల మనవరాలు. భర్త పోయాక ఒక్కతే నలభై ఆవులకు మేత పండిస్తుంది. ఊరి నుంచి చెరువు వైపు పోవాలంటే దారి ఆమె లూసర్న్ మేత చేను మీదుగానే పోవాలి. నాలుగు వందల గజాలు. అటు చిత్తడి, ఇటు హైవే. కాగితం లేదు, ఒప్పందం లేదు. ఆమె గేటు తీస్తే దారి ఉన్నట్టు, వేస్తే లేనట్టు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. చేలో నా కత్తులు పైకెత్తి ఉండాలి, ఒట్టి పలక మాత్రమే మంచు మీద జారాలి. లూసర్న్ దుబ్బులు నేలకు వేలెడెత్తున మంచు దుప్పటి కింద నిద్రపోతుంటాయి. తల తెగితే వసంతానికి లేవవు.

ఫిబ్రవరి రెండో శనివారం ఊళ్లో ఏటా పెద్ద సవారీ. రెండు వందల బండ్లు వస్తాయి. మద్దిలేటి గదులు ఎనిమిదీ అక్టోబరులోనే నిండాయి. ఆ సవారీ తప్పితే ఆ ఏడు బంకు నడవదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. గురువారం పొద్దున ఎట్టకేలకు మంచు పడింది. జానెడు. మధ్యాహ్నానికి ఎండ వచ్చింది.

మూడు గంటలకు డ్వేన్ షెడ్డుకు వచ్చాడు. "మ్యాడీ, ఇంకా తగిలించలేదా?" అతని నోటికి మద్దిలేటి అంతకంటే తిరగదు.

మద్దిలేటి వంగి మంచు పిసికి చూపించాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. "పదును లేదు."

"ఏం లేదు?"

"పదును." దానికి ఇంగ్లీషు మాట వెతికాడు, దొరకలేదు. "ఇప్పుడు లాగితే బురద లాగినట్టే. పొద్దుటికి గాజు అవుతుంది. తెల్లారి చలి పడ్డాక పోతాను."

"పట్టికలో గురువారం మూడు గంటలని ఉంది."

"ఆ పట్టిక మంచుకు చూపించు."

డ్వేన్ మెడ ఎర్రబడింది. "నువ్వు మంచు చూసి ఎన్నేళ్లయింది?"

"నాలుగు."

"నేను యాభై నాలుగేళ్లుగా చూస్తున్నాను."

"అయితే పిసికి చూడు."

డ్వేన్ చేతులు జేబుల్లోనే ఉంచుకున్నాడు. "శనివారానికి దారి బాగుండకపోతే ఎవరి పేరు చెప్పాలో నాకు తెలుసు," అని ట్రక్కు తలుపు గట్టిగా వేసుకొని వెళ్లిపోయాడు.

శుక్రవారం తెల్లవారగానే చలి బిగిసింది. మద్దిలేటి మంచు పిసికాడు. ముద్ద విచ్చుకుంది. అతని మాటే నెగ్గింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ కొత్త మంచు కింద క్రిస్మస్ వాన గడ్డకట్టి అద్దంలా పరుచుకొని ఉంది. దాని మీద నా కత్తులు తెగకుండా జారిపోతున్నాయి. అర మైలు పోయి, వెనక్కి చూసి, ట్రాక్టరు తిప్పుకొని బంకుకు వచ్చాడు. గోడవార పేర్చి ఉన్న ఇసుక బస్తాలు ఒక్కొక్కటే తెచ్చి నా మీద పడేశాడు.

సుంకులమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. "అన్ని బస్తాలు యాలయ్యా? నడుము ఇరుగుతాది దానికి."

"కత్తి తేలిపోతాంది మే. మా నాయన గుంటక మీద రాయి పెడ్తాండె. రాయి దొరక్కపోతే నన్నే కూకోబెడ్తాండె."

"సరే, ముసలామె గేటు కాడ దించి పో. చేను అది."

"దించుతా లే."

ఆరు బస్తాలతో నేను ఆ పొద్దున చేసిన పని నా జీవితంలో ఎప్పుడూ చేయలేదు. అద్దం పగిలింది. కింది గడ్డల మిట్టలు మొదలంటా తెగి దొర్లి పలక కింద అణిగిపోయాయి. అడవిలో ఆరు మైళ్లు నా వెనక పరుచుకున్న దారి మీద గోలీ వదిలితే ఎక్కడా ఆగకుండా దొర్లేది. మద్దిలేటి నోట్లో ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పని కుదిరిన మనిషంత ప్రమాదకరమైన మనిషి లేడు. తన లెక్క తప్పు కావచ్చని ఆ ఘడియలో వాడికి తోచదు.

గేటు దగ్గర ఆగాడు. బస్తాల వైపు చూశాడు. ఆరు బస్తాలు దించాలి, నాలుగు వందల గజాలు పోయాక నడిచి వచ్చి మళ్లీ ఎక్కించాలి. కత్తులు పైకెత్తితే చాలు కదా అనుకున్నాడు. మర దగ్గరికి వచ్చి చెయ్యి వేశాడు.

అప్పుడు తల ఎత్తి చేను చూశాడు. సమంగా, గట్లు లేకుండా, అటు చివర దాకా ఒకే రంగు. రెండేళ్లుగా చెట్ల మధ్య ఇరుకు దారిలో తిరిగిన మనిషికి ఎదురుగా చేను, వెనక గుంటక, ముందు తిన్నని సాలు. అతని చెయ్యి మరను తిప్పింది. పైకి కాదు, కిందికి. చేలో అడుగుపెట్టినప్పుడు గుంటకను దించడమే ఆ చేతికి తెలుసు. ముప్పై ఏళ్లు ఆ పనే చేసింది. మంచు మీద నేర్చుకున్నది రెండేళ్ల విద్య. నేలలో నేర్చుకున్నది దానికంటే లోతున ఉంది. ఊళ్లో ఇంకెవరు నడిపినా ఈ తప్పు చేసేవాళ్లు కాదు. డ్వేన్ నూరు తప్పులు చేస్తాడు గాని ఇది మాత్రం అతనికి చేతకాదు.

నాకు తెలుసు. మొదటి పది గజాల్లోనే నా కత్తులకు మంచు కాని రుచి తగిలింది. కాని నేను ఇనుమును, ఆగమని చెప్పే సదుపాయం నాకు లేదు. ఆరు బస్తాల బరువుతో, గాలికి పల్చబడిన ఆ మంచులో, నాలుగు వందల గజాలు లూసర్న్ తలలు నున్నగా గొరిగేశాను.

చివర దిగి వెనక్కి చూసినప్పుడు గాని అతనికి తెలియలేదు. తెల్లటి దారి మధ్య నల్లటి పట్టీ. పలక ముందు పోగుపడిన మంచులో మట్టి, వేళ్లు, వాడిన ఆకుపచ్చ. అతను మోకాళ్ల మీద కూర్చుని పిడికెడు తీశాడు. పిసికాడు. అది ముద్దయింది.

దారి చూడడానికి డ్వేన్ బండి మీద వచ్చాడు. చూశాడు. అతను తిడతాడని నేను ఎదురుచూశాను. కాని అతను గొంతు తగ్గించాడు. ఆ గొంతుకు అంత తగ్గడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఐలీ చెల్లెలి ఊరికి పోయింది, సాయంత్రానికి గాని రాదు. రెండు పారలు తెస్తాను. పక్క మంచు తెచ్చి కప్పేద్దాం. రాత్రికి ఇంకో రెండు అంగుళాలు పడుతుందంటున్నారు. రేపు సవారీ అయిపోతుంది."

"ఏప్రిల్‌లో?"

"ఏప్రిల్‌లో ఎవడో బయటి రైడరు దారి తప్పి చేలో తిరిగాడంటాం. ప్రతి ఏడూ అనేదేగా."

మద్దిలేటి చేతి మట్టి దులుపుకున్నాడు. ఫోను తీసి భార్యకు చేశాడు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు. అవతలి గొంతు నాకు వినబడేంత గట్టిగానే ఉంది.

"బస్తాలు దించమంటి కదా."

"అంటివి."

గరిటె పక్కన పెట్టిన చప్పుడు వినబడింది. "ఇప్పుడు చెప్తే రేపటి సవారీ పోతాది. గదులన్నీ పోతాయి. ఏప్రిల్‌లో ఆమె చూస్తే?"

"కత్తి కోత గీత గీసినట్టు తిన్నగా ఉంది మే. బండి పట్టా తొక్కితే అట్లుండదు. సేద్యం చేసే మనిషి, చూస్తానే కనుక్కుంటాది."

"అప్పుడు గేటు ఎప్పటికీ తియ్యదు."

"తియ్యదు."

"అయితే ఇంకేం అడగతాండావు నన్ను," అని ఆమె పెట్టేసింది.

చూశారా, అందులో ధర్మపన్నాలు లేవు. ఒక శీతాకాలం పోవడమా, అన్ని శీతాకాలాలూ పోవడమా అన్న బేరం. నేను చాలామంది మంచివాళ్లను చూశాను. వాళ్లలో పని దగ్గర నిలబడినవాళ్లు తక్కువ. ఈ మొగుడూ పెళ్లాల లెక్క మాత్రం తప్పలేదు.

"చెబితే క్లబ్బులో నీకు చోటుండదు," అన్నాడు డ్వేన్.

"గోడ మీద నా పేరు ఎప్పుడూ లేదు," అన్నాడు మద్దిలేటి.

పొద్దు వాలుతుండగా ఐలీ ట్రక్కు వచ్చింది. గేటు దగ్గర ట్రాక్టరును, నన్ను, నా పక్కన నిలబడి ఉన్న మనిషిని చూసి దిగింది. మద్దిలేటి టోపీ తీశాడు. "మీ చేను గీశాను. నేనే. కత్తులు దించాను. ఆరు బస్తాలు వేశాను."

ఆమె చేలోకి నడిచింది. మోకాలు పట్టుకొని వంగి, చేతి తొడుగు తీసేసి, ఒక దుబ్బును వేలితో పొడిచి చూసింది. నాలుగు అడుగులు పోయి ఇంకొకటి. అలా చివరి దాకా పోయి వచ్చింది.

"కత్తులు ఎందుకు దించావు?"

"చేను చూసి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "నువ్వు సేద్యం చేశావా?"

"ముప్పై ఏళ్లు."

"అయితే నీకు క్షమాపణ లేదు. తెలియని వెధవ చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. దుబ్బు తెగితే ఏమవుతుందో నీకు తెలుసు. ఆ డ్వేన్ కప్పేయమనలేదా?"

మద్దిలేటి నేల చూశాడు.

"అన్నాడన్నమాట. వాడి నాన్న కూడా అంతే. ఆ ఇనుమును నా గేటు ముందు నుంచి తీసెయ్." ట్రక్కు నుంచి గొలుసు, తాళం తెచ్చి గేటుకు వేసింది. తాళం సరిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

శనివారం సవారీ జరగలేదు. ముందే వచ్చినవాళ్లు గేటు దగ్గర బండ్లు ఆపి తిట్టారు. గదులు తీసుకున్నవాళ్లు ఇద్దరు తప్ప అందరూ పక్క ఊరికి పోయారు. ఆ ఇద్దరూ బజ్జీల కోసం ఉన్నారని సుంకులమ్మ అంది. క్లబ్బు సమావేశంలో డ్వేన్ మద్దిలేటి పేరు నాలుగుసార్లు పలికాడట, ప్రతిసారీ సరిగ్గా పలికాడట. రోండా వచ్చి చెప్పింది. ట్రాక్టరు క్లబ్బుదని వాళ్లు తీసుకుపోయారు. నన్ను తీసుకుపోవడానికి ఎవరికీ ఓపిక లేక బంకు వెనకే వదిలేశారు.

సోమవారం ఐలీ బంకుకు వచ్చింది. ఆమె ఎప్పుడూ అక్కడ పెట్రోలు పోయించుకోదు. పోయించుకొని, లోపలికి రాకుండా, పంపు దగ్గరే నిలబడి మద్దిలేటిని పిలిచింది.

"చేను మీద ఇక ఎవడూ అడుగుపెట్టడు. పక్కన చిత్తడి ఉంది, అది నాదే. దాని అంచున దారి కోసుకో. ఆరు అడుగుల వెడల్పు, అంగుళం ఎక్కువైనా ఒప్పుకోను. నేల గడ్డకట్టి ఉన్నప్పుడే కొయ్యాలి. మార్చి దాటితే మోకాలిలోతు దిగబడతావు."

మద్దిలేటి ఏదో అనబోయాడు.

"నీ మీద దయ అనుకోకు. దారి లేకపోతే ఈ పిచ్చివాళ్లు కంచె తెంపి నా చేలోనే పడతారు. కొయ్యాల్సింది నువ్వు. క్లబ్బు కాదు." ట్రక్కు ఎక్కి వెళ్లిపోయింది.

కోత మొదలైంది. దారి పొడుగు మైలుకు తక్కువే, కాని ప్రతి అడుగులోనూ చేతి మందం తుప్పలు. మద్దిలేటి కోస్తే సుంకులమ్మ లాగి పక్కన పడేసేది. చీర కుచ్చిళ్లు బూట్లలో దోపి, పైన మగవాళ్ల కోటు వేసుకొని. మధ్యాహ్నం బస్సు ట్రిప్పుల నడుమ రోండా వచ్చేది. గోడ మీది మిగతా పేర్లలో అప్పటికి ఒక్కటీ రాలేదు. రెండో వారం ఐలీయే రంపం తీసుకొని వచ్చింది. వాళ్లు వంకరగా కోస్తున్నారని గంటసేపు తిట్టి, తిడుతూనే ముప్పై గజాలు కోసింది.

"ఈయమ్మ మా అత్త మాదిరే ఉంది," అంది సుంకులమ్మ.

"ఏమంటోంది?" అని అడిగింది ఐలీ.

"చాలా బాగా కోస్తున్నారంటోంది," అన్నాడు మద్దిలేటి.

ఆఖరి వారంలో ఒకరోజు డ్వేన్ కూడా వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. అందరికంటే లావు చెట్టు ఎంచుకొని, కోసి, ముక్కలు చేసి, వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు.

మార్చి పద్నాలుగున దారి రెండు చివరలూ కలిశాయి. పదిహేనున మంచు కరిగింది. ఆ శీతాకాలంలో ఒక్క బండి కూడా ఆ దారిన పోలేదు. తెగిన లూసర్న్ పట్టీలో వసంతాన ఐలీ కొత్త గింజలు చల్లింది. మద్దిలేటి గింజల సంచి మోసుకుపోయాడు. ఆమె సంచి తీసుకుంది, మనిషిని లోపలికి పిలవలేదు.

మళ్లీ డిసెంబరు వచ్చింది, ఈసారి మంచుతో. మద్దిలేటి టేపు పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. కొలిచాడు. మళ్లీ కొలిచాడు. నా వెడల్పు ఎనిమిది అడుగులు. నన్ను ఎటు తిప్పినా, ఏ దూలం కోసినా ఆ దారికి సరిపోను. కోస్తే ఇక నిలబడను. అతను నా మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. తరవాత లోపలికి పోయి, అయిదడుగుల చిన్నదొకటి కొనడానికి ఫోను చేశాడు. అది రోండా మంచు బండి వెనక పోతుంది. దానికి అతను ఇంకా ఏ పేరూ పెట్టలేదు.

ఇప్పుడు బంకు వెనక ఉన్నాను. నా దూలాల మీద ఖాళీ గ్యాసు సిలిండర్లు పెడతారు. శనివారాల్లో చిత్తడి వైపు నుంచి బండ్ల చప్పుడు వస్తుంది. లాడ్జి ముందు అవి ఆగుతాయి. లోపల నూనె కాగుతున్న వాసన, దగ్గులు, నవ్వులు. ఎనిమిది గదుల్లో దీపాలు కనబడతాయి.

నికరం చెప్పి ముగిస్తాను. పోయినవి: ఒక శీతాకాలం, ఒక క్లబ్బు, నాలుగు వందల గజాల మేత, ట్రాక్టరు వెనక నా చోటు. వచ్చినవి: ఒక బంకు నిలిచింది. ఒక ముసలామె నోటిమాట మిగిలింది, అదీ చిరాకుగా. చిత్తడి అంచున ఆరడుగుల దారి ఒకటి పడింది, నా తప్పు వల్లనే పడింది. నేను పట్టని దారి.